గోదారి జిల్లాల నుంచి విమానమెక్కేవాళ్లకు: దూరం, సమయం మీరే లెక్క కట్టుకోవడం ఎలా?

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు దూరం ఎంత అని ఫోన్‌లో అడిగితే ఒక చోట 360 కిలోమీటర్లని వస్తుంది, ఇంకో చోట 430 దాకా చూపిస్తుంది. విమానంలో ఎంతసేపు పడుతుందంటే ఒకరు అరగంటే అంటారు. టికెట్ మీద చూస్తే గంట దాటి ఉంటుంది. వెళ్లొచ్చినవాళ్లేమో "పూటంతా పట్టేసిందండీ" అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కరు ఒక్కో దాన్ని కొలిచి చెబుతున్నారంతే. మీకు వీటిలో ఏది కావాలో ముందు తేల్చుకుంటే, ఒక కాగితం, ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్ చాలు. హైదరాబాద్ వెళ్లే అమలాపురం వాళ్లకైనా, కువైట్ టికెట్ చేతిలో పట్టుకుని "అక్కడ దిగేసరికి టైమెంత అవుతుంది" అని తికమకపడే భీమవరం వాళ్లకైనా పద్ధతి ఒక్కటే.

1. ఊళ్ల పేర్లు కాదు, ఎయిర్‌పోర్టుల పేర్లు రాసుకోండి

విమానం ఊరి నుంచి ఊరికి ఎగరదు, ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు ఎగురుతుంది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్నది రాజమండ్రిలో కాదు, ఊరికి ఉత్తరాన మధురపూడిలో. హైదరాబాద్‌ది శంషాబాద్‌లో, విజయవాడది గన్నవరంలో. టికెట్ బుక్ చేసేటప్పుడు కనిపించే మూడక్షరాల కోడ్‌లు ఈ ఎయిర్‌పోర్టులవే: రాజమండ్రికి ఆర్‌జేఏ, హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, విజయవాడకు వీజీఏ, విశాఖకు వీటీజెడ్. లెక్కంతా ఈ కోడ్‌ల మధ్యే కట్టండి.

డెల్టాలో ఉండేవాళ్లకు అసలు ఏ ఎయిర్‌పోర్టు దగ్గర అన్నదే మొదటి ప్రశ్న. అమలాపురం, రావులపాలెం, కాకినాడ, కొవ్వూరు వాళ్లకు అనుమానమే అక్కర్లేదు, మధురపూడే. భీమవరం దగ్గరికి వచ్చేసరికి తూకం సమానమవుతుంది. గీత గీసినట్టు తిన్నగా కొలిస్తే భీమవరం నుంచి మధురపూడి సుమారు 70 కిలోమీటర్లు, గన్నవరం సుమారు 77. ఇంత చిన్న తేడా ఉన్నప్పుడు దూరం చూసి నిర్ణయించుకోకండి. ఆ రోజు ఏ ఎయిర్‌పోర్టు నుంచి మీకు కావలసిన టైముకు విమానం ఉందో, ఛార్జీ ఎక్కడ తక్కువో చూసుకోండి. ఏలూరు వైపు వాళ్లకు గన్నవరమే నయం.

2. అక్షాంశం, రేఖాంశం పట్టుకోండి

గూగుల్ మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్టు రన్‌వే మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఒక గుర్తు పడుతుంది, దానితోపాటు రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. దశాంశం తర్వాత రెండంకెలు ఉంటే చాలు, మిగతావి వదిలేయండి.

మనకు తరచూ పనిపడేవి ఇక్కడే ఇస్తున్నాను. రాజమండ్రి 17.11, 81.82. హైదరాబాద్ 17.24, 78.43. గన్నవరం 16.53, 80.80. విశాఖ 17.72, 83.22. చెన్నై 12.99, 80.17. బెంగళూరు 13.20, 77.71. ముంబై 19.09, 72.87. ఢిల్లీ 28.56, 77.10. గల్ఫ్‌కు వస్తే మస్కట్ 23.59, 58.28. దుబాయ్ 25.25, 55.36. కువైట్ 29.23, 47.97.

లెక్క వద్దు, దూరం ఒక్కటి తెలిస్తే చాలు అనుకునేవాళ్లు అదే మ్యాప్‌లో గుర్తు పెట్టాక కిందికి జరిపితే దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. దాన్ని నొక్కి రెండో ఎయిర్‌పోర్టు దాకా లాగితే సరిపోతుంది. అయినా ఒకసారి చేత్తో కట్టి చూడండి. యాప్ చూపించేది రోడ్డు దూరమో గాలి దూరమో చటుక్కున గుర్తుపట్టే అలవాటు దానివల్లే వస్తుంది.

3. తిన్నని దూరం కట్టండి

నరసాపురం రేవులో నిలబడి చూస్తే సఖినేటిపల్లి కళ్లెదురుగానే ఉంటుంది. పంటు (మనుషుల్ని, బళ్లను దాటించే పెద్ద పడవ) ఎక్కితే గోదారి పాయ వశిష్ట దాటేయడమే. వరదొచ్చి పంటు ఆపేస్తే అదే సఖినేటిపల్లికి పాలకొల్లు మీదుగా, చించినాడ వంతెన మీదుగా, రాజోలు వైపు చుట్టి రావాలి. విమాన దూరానికీ రోడ్డు దూరానికీ ఉన్న తేడా ఇదే. రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు ముందు విజయవాడకు దిగి, అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. అందుకే అది 420, 430 అవుతుంది. విమానానికి విజయవాడతో పనిలేదు.

లెక్క ఇలా కట్టాలి. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే భూమి మీద ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 ఉండేది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మన గోదారి జిల్లాలు ఉన్న 17 డిగ్రీల దగ్గర అది సుమారు 106 కిలోమీటర్లు. ఎంత తగ్గిందో కావాలంటే 111ని ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఆ బటన్ కనిపిస్తుంది. రెండు ఊళ్ల అక్షాంశాలు వేరుగా ఉంటే వాటి సగటు తీసుకుని దానికి కొసైన్ కట్టండి.

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు చూద్దాం. రేఖాంశాల తేడా 81.82 లోంచి 78.43 తీసేస్తే 3.39. దాన్ని 106తో గుణిస్తే 359 కిలోమీటర్లు. ఇది పడమరగా పోయే దూరం. అక్షాంశాల తేడా 0.13, దాన్ని 111తో గుణిస్తే 14 కిలోమీటర్లు. ఇది ఉత్తరంగా జరిగే దూరం. ఇక పదో తరగతిలో చదివిన పైథాగరస్: రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయండి. సుమారు 360 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ మనకు దాదాపు తిన్నగా పడమరన ఉంది. మధురపూడి నుంచి ముక్కుసూటిగా సూర్యుడు అస్తమించే వైపు పోతే శంషాబాద్ పక్కకు తేలతారు.

ఇదే పద్ధతిలో కడితే మధురపూడి నుంచి చెన్నై 490, బెంగళూరు సుమారు 620, ముంబై సుమారు 970, ఢిల్లీ దాదాపు 1,360 కిలోమీటర్లు వస్తాయి. ఇక్కడి నుంచి ముంబై, ఢిల్లీలకు నేరుగా విమానాలు 2024 డిసెంబర్‌లో మొదలయ్యాయి. అంతకుముందు ఈ రెండు చోట్లకూ వెళ్లాలంటే మరో చోట దిగి మారాల్సిందే. షెడ్యూళ్లు మాత్రం సీజన్‌కోసారి మారుతుంటాయి కాబట్టి ఏ రూటుకైనా బుక్ చేసే ముందు నేరు విమానం ఉందో లేదో మళ్లీ చూసుకోండి.

4. దూరాలు పెరిగితే గుండ్రటి లెక్క

పై పద్ధతి భూమి బల్లపరుపుగా ఉన్నట్టు కడుతుంది. దేశం లోపల దానితో ఇబ్బంది లేదు. గల్ఫ్ దాకా కూడా లాక్కొస్తుంది. హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఈ లెక్కలో 3,380 వరకు వస్తుంది. గోళం లెక్కన అసలు దూరం సుమారు 3,370. పది కిలోమీటర్ల తేడా అంటే విమానానికి ఒక నిమిషం లోపే. ఎవరికీ పట్టదు.

లండన్ దగ్గరికి వచ్చేసరికి దెబ్బతింటాం. హైదరాబాద్ నుంచి బల్లపరుపు లెక్కలో దాదాపు 8,200 అని వస్తే, అసలు దూరం సుమారు 7,750 కిలోమీటర్లే. నాలుగొందల పైచిలుకు తేడా. కారణం ఏమిటంటే గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఉత్తరంగా వంపు తిరిగి పోతుంది. మన ఇళ్లలో గోడకు తగిలించే ప్రపంచపటం మీద గీత గీస్తే ఆ వంపు కనిపించదు. పిల్లల గ్లోబ్ ఉంటే హైదరాబాద్ మీద ఒక కొస, లండన్ మీద ఇంకో కొస పెట్టి దారం బిగించి లాగండి, అది ఏ దేశాల మీదుగా పోతుందో మీకే తెలుస్తుంది. అమెరికా వెళ్లే పిల్లలు సీటు ముందున్న తెర మీద మ్యాప్ ఫోటో తీసి పంపితే "ఇదేంటి, మంచు ప్రదేశాల మీదుగా తిప్పుతున్నాడు" అని పెద్దవాళ్లు కంగారుపడేది అందుకే. తిప్పడం కాదు, అదే దగ్గరి దారి.

5,000 కిలోమీటర్లు దాటే దూరాలకు చేతి లెక్క పెట్టుకోవద్దు. గ్రేట్ సర్కిల్ దూరం, అంటే గోళం మీది ఆ దగ్గరి దారి దూరం, కట్టే సైట్లు ఉన్నాయి. రెండు కోడ్‌లు కొడితే వచ్చేస్తుంది. అక్కడ మైళ్లలో వస్తే అవి ఏ మైళ్లో చూసుకోండి. విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు, అది 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609.

హైదరాబాద్ నుంచి మస్కట్ సుమారు 2,210 కిలోమీటర్లు, దుబాయ్ సుమారు 2,550. ఇవి రాసి పెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

5. దూరాన్ని సమయంగా మార్చండి

అందరూ తప్పేది ఇక్కడే. ఎయిర్‌బస్ గంటకు 830 కిలోమీటర్లు పోతుంది, హైదరాబాద్ 360, కాబట్టి 26 నిమిషాలు అని కట్టేస్తారు. ఆ వేగం విమానం పైకెక్కి, నిలకడగా సాగుతున్నప్పటిది. గేటు దగ్గర తలుపు మూసి కదిలిన దగ్గర్నుంచి రన్‌వే దాకా పోవడం, వరసలో ఆగడం, పైకి ఎక్కడం, మళ్లీ దిగడం, దిగాక గేటు దాకా నడవడం, ఇవన్నీ ఆ వేగంతో జరగవు. టికెట్ మీద ఉండే సమయం కదిలిన క్షణం నుంచి అవతల ఆగే క్షణం దాకా లెక్క. విమానయానం వాళ్లు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

అందుకని సూత్రం ఇలా పెట్టుకోండి. జెట్ విమానమైతే దూరాన్ని 830తో భాగించి, వచ్చినదానికి 35 నిమిషాలు కలపండి. రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్ అయితే 500తో భాగించి 25 నిమిషాలు కలపండి. ఏటీఆర్ అంత ఎత్తుకు ఎక్కదు, కాబట్టి ఎక్కడానికీ దిగడానికీ పోయే సమయం కాస్త తక్కువ.

హైదరాబాద్‌కు జెట్‌లో 26 నిమిషాలకు 35 కలిపితే గంటా ఒక నిమిషం. ఏటీఆర్‌లో 43కు 25 కలిపితే గంటా ఎనిమిది నిమిషాలు. చూశారా, వేగంలో అంత తేడా ఉన్నా చేతికి వచ్చింది ఏడు నిమిషాలే! "పంకాల విమానం, మెల్లగా పోతుంది" అని హైదరాబాద్ టికెట్ మార్చుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. దూరం పెరిగితేనే తేడా బయటపడుతుంది. బెంగళూరుకు జెట్‌లో గంటా ఇరవై, ఏటీఆర్‌లో గంటా నలభై. ముంబైకి జెట్‌లో గంటా ముప్పావు. ఢిల్లీకి రెండు గంటల పావు.

టికెట్ మీద మీ లెక్క కంటే పది, పదిహేను నిమిషాలు ఎక్కువే కనిపిస్తుంది. సంస్థలు కావాలనే కాస్త సందు పెట్టుకుంటాయి, హైదరాబాద్ లాంటి చోట దిగడానికి గాల్లో వరస కట్టాల్సి రావచ్చు కదా. అందుకే ఒక్కోసారి విమానం పావుగంట ఆలస్యంగా లేచి కూడా టైముకే దిగిందని మైకులో గొప్పగా చెబుతారు. మీ రూటులో నిజంగా ఎంత పడుతోందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్‌24 లాంటి యాప్‌లో ఫ్లైట్ నంబరు కొట్టండి. గత వారంలో ఏ రోజు ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అన్నీ ఉంటాయి. ఏ సూత్రం కన్నా అదే నమ్మకం.

6. గాలి లెక్క వేయండి

హైదరాబాద్, చెన్నైలకు గాలి గురించి ఆలోచించనక్కర్లేదు. గల్ఫ్‌కూ, అంతకంటే దూరానికీ ఆలోచించాలి.

కువైట్‌కు సూత్రం ప్రకారం కడితే 3,370ని 830తో భాగించగా నాలుగు గంటల నాలుగు నిమిషాలు, 35 కలిపితే సుమారు నాలుగు గంటల నలభై. షెడ్యూళ్లలో పోయేటప్పుడు ఐదు గంటలకు దగ్గరగా, వచ్చేటప్పుడు నాలుగున్నరకు అటూ ఇటూగా కనిపిస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద, గల్ఫ్ మీద చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. లండన్‌కు పోయేటప్పుడు పది గంటల పైన, వచ్చేటప్పుడు తొమ్మిది, తొమ్మిదిన్నర అని ఉండేది దీనివల్లే.

దీన్ని బట్టి "పడమరకు పోతే ఎప్పుడూ ఎక్కువ" అని రూలు పెట్టుకోకండి. నైరుతి రుతుపవనాల నెలల్లో మన దక్షిణాది మీద పై ఎత్తుల్లో గాలి తిరగబడుతుంది. తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. కింద నేల మీద నైరుతి గాలి ముఖాన కొడుతుంటే పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తున దానికి ఎదురుగా ఇంకో గాలి పోతుంటుంది. కాబట్టి జూలైలో టికెట్ మీది తేడా డిసెంబర్‌లో ఉన్నంత ఉండకపోవచ్చు. షెడ్యూలు వేసేవాళ్లు వేసవికీ శీతాకాలానికీ వేర్వేరుగా వేసేది ఇందుకే.

గాలితో పాటు గగనతలం మూసివేతలు కూడా ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే మన సంస్థల విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. వేరే దేశాల సంస్థలకు ఆ అడ్డు లేదు. ఢిల్లీ మీదుగా టికెట్ తీసుకునేటప్పుడు ఒకే రూటుకు రెండు సంస్థల సమయాల్లో గంట, రెండు గంటల తేడా కనిపిస్తే ఇదీ ఒక కారణం కావచ్చు.

7. గడియారాలు సరిచూసుకోండి

టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది తికమకపడతారో! హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయల్దేరి కువైట్‌లో మధ్యాహ్నం 12:30కు దిగుతుందని ఉంటే రెండున్నర గంటల ప్రయాణం కాదు. అది ఐదు గంటల ప్రయాణం, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక.

దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, మన గోదారి వాళ్లకు అసలే అక్కర్లేదు. భారతదేశపు టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. దేశమంతా గడియారం మన పక్కన చూసి దిద్దుకుంటుందన్నమాట! భూమి 15 డిగ్రీలు తిరగడానికి ఒక గంట. కువైట్, ఖతార్, బహ్రెయిన్, సౌదీల గడియారం 45 డిగ్రీల లెక్క. 82.5లోంచి 45 తీసేస్తే 37.5, దాన్ని 15తో భాగిస్తే రెండున్నర గంటలు. ఒమాన్, దుబాయ్‌లది 60 డిగ్రీల లెక్క, కాబట్టి తేడా గంటన్నర. లండన్‌ది సున్నా, తేడా ఐదున్నర. వాళ్లు వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి అప్పుడు నాలుగున్నర. సింగపూర్ 120 డిగ్రీల లెక్క, అది మనకంటే రెండున్నర గంటలు ముందు.

ఎక్కేటప్పుడు కంటే తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ గందరగోళం. కువైట్‌లో రాత్రి 8 గంటలకు ఎక్కారనుకోండి. నాలుగున్నర గంటల ప్రయాణం, అక్కడి టైము ప్రకారం అర్ధరాత్రి 12:30. రెండున్నర కలిపితే హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3 గంటలు, తేదీ మారిపోయింది. టికెట్ మీద దిగే టైము పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉండేది ఇదే. తెచ్చుకోవడానికి ఇంటి నుంచి కారు పంపేవాళ్లు ఎక్కే తేదీ చూసి పంపితే ఒక రోజు ముందే శంషాబాద్‌లో కూర్చుంటారు.

దీనికంటే ప్రమాదం ఇంకోటుంది. గల్ఫ్ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే మీరు 11వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. "12 రాత్రి కదా బాబాయ్" అని 12వ తేదీ మధ్యాహ్నం అమలాపురంలో తీరిగ్గా బస్సెక్కితే ఆ విమానం వెళ్లిపోయి పన్నెండు గంటలు దాటి ఉంటుంది. పెద్దవాళ్లకు తేదీ చెప్పేటప్పుడు వారం పేరు కలిపి, ఇంటి నుంచి బయల్దేరే పూటతో చెప్పండి: "మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరాలి, పిన్నీ" అంటే ఎవరూ పొరబడరు.

8. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి కట్టండి

ఇప్పటిదాకా కట్టింది గాల్లో లెక్క. మీకు పనికొచ్చేది నేల మీది లెక్కతో కలిపినది. అమలాపురం నుంచి కూకట్‌పల్లి వెళ్లే కుటుంబాన్ని తీసుకోండి. మధురపూడికి రావులపాలెం మీదుగా రెండు గంటలు. విమానానికి గంటన్నర ముందుండాలి. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, సరిగ్గా చివరి నిమిషానికి చేరేలా పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. విమానంలో గంటా పది. దిగి సామాను తీసుకుని బయటపడేసరికి అరగంట. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటా పావు, వాన పడితే ఇంకా ఎక్కువ. మొత్తం ఆరున్నర గంటలు. అందులో మీరు గాల్లో ఉండేది గంట!

రాజమండ్రిలో వందే భారత్ ఎక్కితే సికింద్రాబాద్‌కు ఆరు గంటలు దాటుతుంది, అటూ ఇటూ ఇంటి దారి కలుపుకుంటే పది గంటల దాకా పోతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్. నా అభిప్రాయం అడిగితే, పగటి పూట పని పూర్తి చేసుకుని అదే రోజు తిరిగి రావాలన్నవాళ్లకు, చంటిపిల్లలతోనో మోకాళ్ల నొప్పులతోనో ఉన్నవాళ్లకు విమానం. నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు వాళ్లకు మాత్రం మధురపూడి దాకా పోవడమే ఒక ప్రయాణం, వాళ్లు హైదరాబాద్‌కు రాత్రి రైలో బస్సో ఎక్కి హాయిగా నిద్రపోవడమే మేలు. కాకినాడ వాళ్లకు రెండూ ఒకటే, ఛార్జీ చూసుకుని వెళ్లొచ్చు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల సంగతి వేరు. భోగి ముందు రెండు రోజులు ఛార్జీలు చూస్తే కోడి పందెంలో ఓడిపోయినా ఇంత పోదేమో అనిపిస్తుంది. ఆ రోజులకు నెలల ముందే తీసుకోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా వస్తున్నాయి కాబట్టి ఆ పన్నెండు రోజులకూ అదే జాగ్రత్త.

ఢిల్లీ, ముంబై, బెంగళూరులకు ఈ తర్జనభర్జన లేదు. ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి, విమానంలో గుమ్మం నుంచి గుమ్మానికి ఎనిమిది గంటలు చాలు.

9. మధ్యలో మారే ప్రయాణమైతే

రాజమండ్రి నుంచి కువైట్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 3,700 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో మారితే 360కి 3,370 కలిపి 3,730. అంటే పెరిగింది ముప్పై, నలభై కిలోమీటర్లే. హైదరాబాద్ దారిలోనే ఉంది. ఢిల్లీలో మారితే 4,190, చెన్నైలో మారితే 4,270 అవుతుంది. ఐదొందల కిలోమీటర్లు పెరిగినా గాల్లో అది నలభై నిమిషాల లోపే. కాబట్టి చెన్నై మీదుగా ఛార్జీ బాగా తగ్గుతుంటే దూరం చూసి వెనకాడకండి. చూడాల్సింది మధ్యలో ఎంతసేపు కూర్చోవాలన్నది. ఏడెనిమిది గంటల ఎదురుచూపు ముందు ఈ నలభై నిమిషాలు లెక్కలోకి రావు.

మరీ తక్కువ సందు ఉన్నా కష్టమే. దేశీయ విమానం దిగి అంతర్జాతీయ విమానం ఎక్కాలంటే ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటాలి. రెండూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ కింద ఉంటే సామాను సాధారణంగా కువైట్ దాకా ట్యాగ్ వేసేస్తారు, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి దానిలో పంపే పూచీ వాళ్లదే. చౌకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఆ పూచీ ఉండదు. రెండో సంస్థ మిమ్మల్ని రాలేదని రాసుకుంటుంది, డబ్బూ పోతుంది. విడిగానే కొనాల్సి వస్తే హైదరాబాద్‌లో కనీసం ఐదారు గంటల సందు పెట్టుకోండి. అందులో అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు ఉండటం, సామాను తీసుకుని మళ్లీ వేయడం రెండూ ఇమిడిపోతాయి.

డిసెంబర్, జనవరి నెలల్లో ఇంకా ఎక్కువ పెట్టుకోండి. గోదారి పక్కన పొద్దున్నే పొగమంచు కమ్మితే మధురపూడిలో విమానం దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడమో, వెనక్కి పోవడమో జరుగుతుంటుంది. వచ్చిన విమానమే మిమ్మల్ని ఎక్కించుకుని తిరిగి వెళ్లాలి కాబట్టి అది దిగకపోతే మీరు లేవరు. ఆ నెలల్లో వీసా గడువు దగ్గరపడినవాళ్లు, డ్యూటీలో చేరే తేదీ తప్పకూడనివాళ్లు పొద్దుటి విమానాన్ని నమ్ముకోకుండా మధ్యాహ్నం విమానం చూసుకోవాలి. లేదంటే ముందు రోజు రాత్రి రైలుకు హైదరాబాద్ చేరిపోవాలి. అక్టోబర్, నవంబర్లలో బంగాళాఖాతంలో తుపాను హెచ్చరిక ఉంటే రైళ్లు కూడా రద్దవుతాయి, అప్పుడు రెండు రోజుల ముందే కదలండి.

చివరగా సామాను మాట. ఆత్రేయపురం పూతరేకులు చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో వేస్తే నుసి తప్ప మిగలదు. ఆవకాయ మాత్రం గట్టిగా ప్యాక్ చేయించి పెట్టెలోనే వేయండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు.